పన్నెండు దినాల లెక్క

మైకు ఆమె చేతికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. మండల పరిషత్ ఆఫీసు ఆవరణలో షామియానా, దాని కింద పొద్దుటి నుంచి కూర్చున్న కూలీలు, ఎదురుగా తెల్లగుడ్డ పరిచిన బల్ల, బల్ల వెనక అధికారులు. ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ ముగిశాక జరిపే ప్రజావేదిక అది. అనంతపురం వైపు ఒక మండలంలో, చాలా ఏళ్ల కిందట చూశాను. తనిఖీ బృందంలోని అమ్మాయి మస్టరు (కూలీల హాజరుపట్టీ) చూసి చదివింది: జాబ్ కార్డు నంబరు, పేరు, ఇరవై నాలుగు రోజుల పని, కూలి చెల్లింపు పూర్తి. ఆ పేరుగల మనిషి లేచి నిలబడింది.

"నేను పనికి పోయింది పన్నెండు దినాలే సార్. మిగతా పన్నెండు దినాలు ఎవురు చేసినారో చెప్పండి."

ఊళ్లో పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్ లేచి, ఆమెకు గుర్తుండకపోవచ్చని, చదువు రానివాళ్లు రోజులు లెక్కపెట్టుకోలేరని ఏదో చెప్పబోయాడు. ఆమె అతని వంక తిరగలేదు. బల్ల వైపే చూస్తూ అంది: "గుర్తు లేకేం సార్. ఆ రెండు వారాలూ మా కోడలి కాన్పుకని ఆసుపత్రి కాడ ఉంటిమి. ఆసుపత్రోళ్లు రాసిచ్చిన చీటీ ఇంట్లో ఉంది, తెమ్మంటే తెస్తా."

తనిఖీ అమ్మాయి చెల్లింపుల కాగితం తీసి ఆమెకు చూపించింది. డబ్బు అందినట్టు పేరు పక్కన వేలిముద్ర ఉంది. ఆమె కాసేపు దాన్నే చూసి, "ఇది నాది కాదు. నేను సంతకం పెడతా సార్, వేలిముద్ర ఎయ్యను" అంది. రాత్రిబడిలో సంతకం నేర్చుకున్నదట.

ఆ ఊళ్లో ఆమె వాడకట్టు మనుషులు ఆ ఫీల్డ్ అసిస్టెంట్ ఇంటివాళ్లను "సామీ" అని పిలుస్తారు, వాళ్లు ఎంత చిన్నవాళ్లయినా సరే. తన కొడుకు ఈడువాణ్ని అట్లా పిలుస్తూ వచ్చిన మనిషి ఆ రోజు మైకులో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. ఇది నేను అక్కడే గమనించిన సంగతి కాదు. ఆ ఊరి మాస్టారొకరు తర్వాత చెబితే తెలిసింది. అది తెలిశాక ఆ మధ్యాహ్నం నాకు వేరేగా అర్థమైంది.

అధికారాన్ని ప్రశ్నించడం సమాజానికి మేలు చేస్తుందా, చెరుపు చేస్తుందా అన్న చర్చ మన పత్రికల్లో, సభల్లో తరచూ వస్తుంది. వచ్చినప్పుడల్లా అది సోక్రటీసు దగ్గరో స్వాతంత్ర్య సమరం దగ్గరో మొదలై, ధైర్యవంతుల పొగడ్తతో ముగుస్తుంది. నాకు మాత్రం ఆ చర్చ రాగానే ఆ వేలిముద్ర గుర్తొస్తుంది. ఆమె అధికారాన్ని ధిక్కరించలేదు. అధికారానికి తెలియని ఒక సంగతి చెప్పింది. ఆ బల్ల వెనక ఉన్నవాళ్లలో ఒక్కరికైనా ఆ పన్నెండు రోజులూ ఆమె ఎక్కడుందో తెలుసా? రికార్డు ప్రకారం ఆమె కందకం తవ్వుతోంది. జిల్లాకు వెళ్లిన నివేదికలోనూ, అక్కడి నుంచి హైదరాబాదుకు, ఢిల్లీకి వెళ్లిన మొత్తాల్లోనూ ఆమె కందకం తవ్వుతూనే ఉంది. ఆమె లేచి నిలబడకపోతే ప్రభుత్వానికి తన సొంత పథకం గురించి తెలిసింది అబద్ధమే అయి ఉండేది.

ప్రశ్న వల్ల కలిగే మొదటి మేలు నా లెక్కలో ఇదే. పైకి వెళ్లే ప్రతి నివేదికా పైవాడికి ఇష్టమైన రంగు పూసుకుని వెళుతుంది. కింది ఉద్యోగి తన మీద మాట రాకుండా రాస్తాడు, మధ్య ఉద్యోగి తన లక్ష్యం పూర్తయినట్టు రాస్తాడు. పై అధికారి అది నిజమని నమ్మి మరుసటి ఏడాది లక్ష్యం పెంచుతాడు. ఈ వరుసను మధ్యలో తెంచగలిగేది కిందినుంచి వచ్చే ఎదురు ప్రశ్న ఒక్కటే.

ఆ ప్రశ్న నోరు నొక్కేస్తే అబద్ధం ఎంత దూరం పోతుందో చైనా చూసింది. 1958లో మావో 'గ్రేట్ లీప్ ఫార్వర్డ్' మొదలుపెట్టాక, కమ్యూన్లు ఒకదాన్ని మించి ఒకటి ధాన్యం దిగుబడి లెక్కలు పెంచి పంపాయి. ఆ కాగితపు ధాన్యాన్ని బట్టే సేకరణ కోటాలు నిర్ణయించారు. 1959 జులైలో లూషాన్ కొండమీద జరిగిన పార్టీ సమావేశంలో రక్షణమంత్రి పెంగ్ దెహువాయ్, ఆ లెక్కల గురించీ పల్లెల పరిస్థితి గురించీ మావోకు ఒక ఉత్తరం రాశాడు. బహిరంగ విమర్శ కూడా కాదది, వినయంగా రాసిన సొంత ఉత్తరం. మావో దాన్ని అచ్చువేయించి అందరికీ పంచి, పెంగ్‌ను పార్టీ వ్యతిరేకిగా నిలబెట్టాడు. పదవి పోయింది. ఆ తర్వాత ఏ జిల్లా కార్యదర్శి ధాన్యం లేదని రాస్తాడు? 1961 దాకా సాగిన కరవులో చనిపోయినవాళ్ల సంఖ్య మీద చరిత్రకారుల అంచనాలు ఒకటిన్నర కోట్ల నుంచి నాలుగున్నర కోట్ల వరకూ ఉన్నాయి. అంచనాల మధ్య ఉన్న ఆ తేడాయే చెబుతుంది, లెక్క అడిగేవాడు లేనిచోట చావులకు కూడా లెక్క ఉండదని. 1962 జనవరిలో ఏడువేల మంది కార్యకర్తల సభలో మావోయే ఒప్పుకున్నాడు, ప్రజాస్వామ్యం లేకపోతే కింద ఏం జరుగుతోందో పైవాళ్లకు తెలియదని. అమర్త్య సేన్ కరవుల గురించి రాసేటప్పుడు ఆ ప్రసంగాన్ని ఎత్తిచూపడం ఊరికే కాదు.

మన దగ్గర ఈ విషయంలో రెండు నాలుకలున్నాయి. అడగందే అమ్మయినా పెట్టదంటాం. మరుక్షణమే పిల్లవాడు ఏదైనా అడిగితే ఎదురు ప్రశ్న వేస్తావా అని గద్దిస్తాం. ఈ రెండు మాటలకూ ఒకదానితో ఒకటి పొత్తు కుదరదని అనిపిస్తుంది గానీ, కుదురుతుంది. మొదటి మాటలో అడగడమంటే చెయ్యి చాచడం. రెండో మాటలో అడగడమంటే లెక్క చెప్పమనడం. మొదటిదాన్ని మన పెద్దరికం ఎన్నడూ కాదనలేదు. పింఛను కావాలని దరఖాస్తు పట్టుకుని వచ్చిన ముసలమ్మను ఏ ఆఫీసరైనా కూర్చోబెట్టి మాట్లాడతాడు. పోయిన మూడు నెలల పింఛను ఏమైందని అడిగిన ముసలమ్మ సంగతి వేరు.

నిండు కొలువులో ద్రౌపది అడిగింది కూడా ఆ రెండో రకం ప్రశ్నే. కాపాడమని వేడుకోవడానికి ముందు ఆమె ఒక వరుస అడిగింది: ధర్మరాజు ముందు ఒడ్డింది తననా, నన్నా? తనను తాను ఓడిపోయినవాడికి నన్ను ఒడ్డే హక్కు ఎక్కడిది? మస్టరులో తేదీలు అడిగినట్టు అడిగింది. భీష్ముడు ధర్మం సూక్ష్మమైనదని తప్పుకున్నాడు. బదులు చెప్పండని విదురుడు సభను నిలదీశాడు. తేల్చి చెప్పినవాడు వికర్ణుడు ఒక్కడే, అతన్ని కర్ణుడు నోరు మూయించాడు. మనం చిన్నప్పటినుంచీ ఆ కథను ద్రౌపది అవమానంగా, కౌరవుల దుర్మార్గంగా వింటూ వచ్చాం. అడిగినదానికి జవాబు చెప్పాల్సిన బాధ్యత ఎవరి మీదా లేని కొలువు కథగా కూడా వినాలి.

ద్రౌపదికి లేనిది, ఆ అనంతపురం కూలీకి ఉన్నది ఒకటుంది. చట్టం. అది దానంతటది రాలేదు. రాజస్థాన్‌లో అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్‌లతో 1990లో ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్, కరవు పనుల్లో కూలి సరిగా రాకపోవడం చూసి మస్టరు చూపించమని అడిగింది. అవి ప్రభుత్వ రహస్యాలన్నారు. ఎలాగో నకళ్లు సంపాదించి 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానాలో ఊరి మధ్య నిలబడి చదివారు. మొట్టమొదటి జన్ సునవాయీ (ప్రజా విచారణ) అది. 1996లో బియావర్‌లో నలభై రోజులు ధర్నా చేశారు. అక్కడినుంచి 2005 సమాచార హక్కు చట్టం దాకా పదేళ్ల దారి. అదే ఏడాది వచ్చిన ఉపాధి హామీ చట్టంలో 17వ సెక్షన్ పనులను తనిఖీ చేసే అధికారం గ్రామసభకు ఇచ్చింది. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకాన్ని దేశానికంతటికీ ప్రారంభించింది అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే.

చాలా రాష్ట్రాలు 17వ సెక్షన్‌ను కాగితం మీదే ఉంచాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మాత్రం, తన పథకాన్ని తప్పుపట్టడానికి తనే జీతమిచ్చి మనుషులను పెట్టుకుంది. ఇది చిన్న విషయం కాదు. 2009లో సామాజిక తనిఖీకి ప్రత్యేకంగా ఒక సొసైటీ ఏర్పాటు చేసి, రాజస్థాన్ ఉద్యమంలో పనిచేసి వచ్చిన సౌమ్య కిడాంబికి దాని బాధ్యత అప్పగించారు. ఊళ్లలో కూలీల ఇళ్ల పిల్లలకే, పదో తరగతో ఇంటరో చదివినవాళ్లకు, కొద్ది రోజులు శిక్షణ ఇచ్చి మస్టర్లు చేతికిచ్చారు. వాళ్లు గడపగడపకూ వెళ్లి కార్డు, మస్టరు పక్కపక్కన పెట్టి చదివి వినిపించారు. చెరువు పూడిక, కందకం టేపు పట్టి కొలిచారు. ఈ అనుభవమంతా చూశాకే 2011లో కేంద్రం, కాగ్‌తో సంప్రదించి, దేశమంతటికీ సామాజిక తనిఖీ నిబంధనలు తెచ్చింది.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే ఇది గెలుపు కథ అవుతుంది. కానీ ఆ తనిఖీల ఫలితాన్ని లెక్కగట్టిన ఆర్థికవేత్తలున్నారు. ఫర్జానా అఫ్రిది, వెగార్డ్ ఐవర్సన్ 2006 నుంచి 2010 వరకు ఎనిమిది జిల్లాల్లో 300 గ్రామ పంచాయతీల తనిఖీ నివేదికలు పరిశీలించారు. ఒకే ఊళ్లో తనిఖీ మీద తనిఖీ జరిగినకొద్దీ అక్రమాలు తగ్గి ఉండాలి. కూలి డబ్బుల్లో పోయే మొత్తం కొద్దిగా తగ్గింది. కానీ సామగ్రి బిల్లుల్లో అక్రమాలు పెరిగాయి. కూలీ లేచి నిలబడి నా రోజులివి అని చెప్పగలదు. సిమెంటు ఎన్ని బస్తాలు వచ్చిందో, కంకర ఏ రేటుకు కొన్నారో ఆమెకెట్లా తెలుస్తుంది? దొంగ ఆమె కంటికి ఆనని చోటికి మారాడు. పైగా పట్టుబడ్డ సొమ్ములో వెనక్కి వచ్చింది చాలా తక్కువ, ఉద్యోగం పోయినవాళ్లూ కేసులు ఎదుర్కొన్నవాళ్లూ ఇంకా తక్కువ.

ప్రశ్నించడం వల్ల ఏమీ కాదు అనేవాళ్లకు ఈ అధ్యయనం చేతికందిన కర్రలా కనిపించవచ్చు. నేను చదివినప్పుడు నాకు కనిపించింది మరొకటి. తనిఖీలో ప్రశ్న ఎవరిది, అడిగే చోటేది, కాగితాలు ఎన్నాళ్లలో ఇవ్వాలి, అన్నీ పకడ్బందీగా రాసుకున్నాం. జవాబు దగ్గరికి వచ్చేసరికి రాత సన్నబడింది. రికవరీ చేయమని వేదిక మీద చెప్పిన అధికారి బదిలీ అవుతాడు. నోటీసు వెళుతుంది, వివరణ వస్తుంది, ఫైలు కదలదు. అక్రమం చేసినవాడు ఒకటి రెండు తనిఖీలు చూశాక, ఆ మధ్యాహ్నం రెండు గంటల సేపు తల దించుకుంటే చాలని నేర్చుకుంటాడు. తప్పు అడిగినవాళ్లది కాదు. అడగడం ఎంత పద్ధతిగా ఏర్పాటు చేశామో, బదులు చెప్పడం అంత పద్ధతిగా ఏర్పాటు చేయలేదు.

దూబగుంట కూడా ఇదే చెబుతుంది. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లాలోని ఆ ఊళ్లో అక్షరాలు దిద్దుకునే ఆడవాళ్లు తమ పాఠంలోనే సారా వల్ల కూలిపోయిన ఇంటి కథ చదివి, తమ ఊళ్లో సారా కొట్టు ఎందుకుండాలని అడిగారు. వాళ్లలో ఒకరైన రోసమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండేళ్లు తిరిగేసరికి, 1997లో, ఖజానా బరువు చెప్పి ప్రభుత్వం మద్యం తలుపులు మళ్లీ తెరిచింది. ఆడవాళ్లు ఏళ్ల తరబడి రోడ్డు మీద కూర్చుంటే వచ్చిన జవాబు, ఒక బడ్జెట్ లెక్కతో పోయింది. వాళ్ల ధైర్యంలో లోపమేమీ లేదు. ప్రతి రెండేళ్లకూ అంతే ధైర్యం మళ్లీ కూడగట్టుకోమని పేదవాళ్లను అడిగే పాలనలోనే లోపముంది.

ఆ ధైర్యానికి ఖరీదు కూడా ఉంది. జాతీయ రహదారుల సంస్థలో ఇంజినీరు సత్యేంద్ర దూబే, స్వర్ణ చతుర్భుజి పనుల్లో అవినీతి గురించి ప్రధాని కార్యాలయానికి రాస్తూ పేరు బయటపెట్టొద్దని కోరాడు. ఆ ఉత్తరం పేరుతో సహా ఆఫీసు ఆఫీసు తిరిగింది. 2003 నవంబరు 27 తెల్లవారుజామున గయలో అతన్ని కాల్చి చంపారు. అది దోపిడీ దొంగల పని అని దర్యాప్తు తేల్చింది. సరే. పేరు దాచమన్న మనిషి పేరు దాచలేకపోయిన సంగతి మాత్రం ఏ దర్యాప్తుతోనూ పోదు. ఆ ఘటన కదిలించిన దేశం 2014లో సమాచారమిచ్చినవాళ్ల రక్షణకు చట్టం చేసింది. రాష్ట్రపతి సంతకమూ అయింది. ఏళ్లు గడిచినా దాన్ని అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ మాత్రం రాలేదు.

ప్రశ్నకు ఎదురుగా చెప్పే వాదాలను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. నిజాయతీగా పనిచేసే ఇంజినీరు, రేపెవరో అడుగుతారన్న భయంతో సంతకం పెట్టకుండా ఫైలు పక్కన పెట్టేస్తున్నాడన్నది వాస్తవం. సమాచార హక్కు దరఖాస్తులతో కాంట్రాక్టర్లను బెదిరించి డబ్బులు గుంజేవాళ్లు ఉన్నారు. ఏ జవాబిచ్చినా తృప్తిపడక, జవాబునే కుట్రలో భాగంగా చూసేవాళ్లూ ఉన్నారు. కానీ ప్రజావేదికలో దీనికి విరుగుడు కూడా నేను చూశాను. అదే రోజు ఇంకొక ఊళ్లో కూలీల జట్టును నడిపే మేటు మీద ఆరోపణ వచ్చింది, పని చేయనివాళ్ల పేర్లు రాశాడని. బృందం మస్టరు చదివింది, కొలతలు చదివింది, ఆ కూలీలను ఒక్కొక్కరినే పిలిచి అడిగింది. అందరూ పనికి వచ్చినవాళ్లే. ఆరోపణ తప్పని మైకులోనే ప్రకటించారు. ఆ కుర్రాడు కళ్లు తుడుచుకుంటూ వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. నలుగురిలో, కాగితం ముందు పెట్టుకుని అడిగే ప్రశ్న నిర్దోషిని కూడా కాపాడుతుంది. అరుగుల మీద గుసగుసగా తిరిగే అనుమానానికి ఆ గుణం లేదు. ప్రశ్నల బెడద గురించి బాధపడే అధికారులు కోరుకోవలసింది బహిరంగంగా అడిగే ఇలాంటి చోట్లు పెరగాలనే.

ఇప్పుడు జరుగుతున్నది దానికి ఎదురు దిశలో ఉంది. 2019 సవరణతో సమాచార కమిషనర్ల పదవీకాలం, జీతభత్యాలు కేంద్రం నిర్ణయించే విషయాలయ్యాయి. తెలంగాణలో 2023 ఫిబ్రవరి తర్వాత రెండేళ్లకు పైగా సమాచార కమిషన్ ఒక్క కమిషనరూ లేకుండా గడిచింది. అన్నాళ్లూ అప్పీలు పెట్టుకున్నవాడు ఖాళీ కుర్చీకి పెట్టుకున్నట్టే. వీటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం. అందులోని 44వ సెక్షన్ సమాచార హక్కు చట్టంలో 8(1)(జె)ని మార్చింది. అంతకుముందు, ప్రజావ్యవహారంతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారాన్ని, విస్తృత ప్రజాప్రయోజనం లేనప్పుడు మాత్రమే నిరాకరించే వీలుండేది. పార్లమెంటుకు కాదనలేనిది పౌరుడికీ కాదనకూడదన్న వాక్యమూ ఉండేది. ఆ షరతులన్నీ తీసేసి, వ్యక్తిగత సమాచారమైతే చాలు నిరాకరించవచ్చన్నట్టు కుదించారు. ప్రజాప్రయోజనం కోసం ఇవ్వవచ్చనే 8(2) ఇంకా ఉందని ప్రభుత్వం అంటోంది. ఉంది. అయితే దాన్ని వాడాలా వద్దా అని మొదట తూచేది, ఎవరి కాగితం అడుగుతున్నామో ఆ ఆఫీసే.

ఆ మధ్యాహ్నం మైకులో చదివిన ప్రతి అక్షరమూ వ్యక్తిగత సమాచారమే గదా. పేరు, కార్డు నంబరు, పని రోజులు, అందిన కూలి, వేలిముద్ర. అదంతా ఆమె గోప్యత అని చెప్పి మూసిపెట్టి ఉంటే, లాభపడేది ఆ వేలిముద్ర వేసినవాడు.

ఆమె ప్రశ్నకు ఆ రోజు జవాబు వచ్చింది. ప్రిసైడింగ్ అధికారి పక్కవాళ్లతో మాట్లాడి, పన్నెండు రోజుల సొమ్ము ఫీల్డ్ అసిస్టెంట్ నుంచి రాబట్టాలని, శాఖాపరమైన చర్య తీసుకోవాలని మైకులో చెప్పాడు. చప్పట్లు కొట్టారు. తర్వాతి పేరు పిలవడానికి తనిఖీ అమ్మాయి కాగితం తిప్పింది. ఆమె కదలలేదు. మైకు ఇంకా చేతిలోనే ఉంది.

"మీరు చెప్పింది కాగితం మింద రాసి సంతకం పెట్టి నాకొక నకలు ఇయ్యండి సార్," అంది. "మల్లా వచ్చేపొద్దుకు ఈ కుర్చీలో మీరుంటారో, ఇంకెవురుంటారో."